అందరూ చీరే అనుకున్నారు

అమ్మమ్మ పెద్దకర్మ రోజున పిండాలు పెట్టి కాలవగట్టు మీద రెండు గంటలు నిలబడ్డాం. కాకి రాకపోలేదు. వచ్చి తుమ్మకొమ్మ మీద కూర్చుంది, చూసింది, దిగలేదు. రోహిణి కార్తె ఎండ. శాస్త్రులుగారు కండువాతో మొహం తుడుచుకుంటూ "ఏదో కోరిక మిగిలిపోయినట్టుంది, అడగండమ్మా" అన్నారు. ఇక ఒక్కొక్కరే ముందుకొచ్చి మాటివ్వడం మొదలుపెట్టారు. "చిన్నోడి పెళ్లి నేను చేస్తానే అమ్మా, బెంగపెట్టుకోకు" అన్నాడు పెద్దమామయ్య. "మీ పలకసర్లు మనవరాలికే పెడతాం అత్తయ్యా" అంది మా అత్తయ్య. వెనకనుంచి ఎవరో "పట్టుచీరలు పంచలేదని కాబోలు, పంచుతామని చెప్పండి" అన్నారు. ఇంకొకరు "పంచేస్తారని దిగులేమో, పంచబోమని చెప్పండి" అన్నారు. కాకి కదల్లేదు.

చివరికి పిన్ని వెళ్లింది. చేతులు జోడించి చాలాసేపు ఊరికే నిలబడింది. "ఏం కావాలో మాకు తెలియట్లేదే అమ్మా" అని ఏడ్చేసింది. ఆమెను పట్టుకుని అందరం చెట్టునీడకి నడిచాం. వెనక్కి తిరిగి చూసేసరికి కాకి పిండం మీద ఉంది.

పిన్ని మాటకే దిగిందని అమ్మ ఇవాళ్టికీ అంటుంది. మనుషులు దూరం జరిగారు కాబట్టి దిగిందని నేను అనుకుంటాను. కానీ ఆ రెండు గంటల్లో అమ్మమ్మతో అన్న మాటల్లో నిజమైన మాట పిన్నిదొక్కటే అనిపించింది. మిగతా అందరూ అమ్మమ్మకి ఏం కావాలో తమకు ముందే తెలుసన్నట్టు మాట్లాడారు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. బస్సులో చదువుకోవడానికి సంచిలో వేసుకున్న పుస్తకం ఒకటి ఉంది, లాఫ్కాడియో హెర్న్ రాసిన జపాను దెయ్యాల కథల సంపుటి 'క్వైదాన్'. 1904లో వచ్చింది. 17 చిన్న కథలు, చివర పురుగుల మీద మూడు వ్యాసాలు. కర్మ జరిగిన ఇంట్లో దెయ్యాల పుస్తకమేంటని అమ్మ కోప్పడుతుంది. అందుకని డాబా మీద దోమతెరలో పడుకుని, ఫోను వెలుగులో, చప్పుడు కాకుండా చదివాను. ఆ రాత్రి చదివిన కథ ఒకటి నన్ను ఇంతవరకూ వదల్లేదు.

సొరుగు ముందు మనిషి

తాంబా ప్రాంతంలో ఒక షావుకారు కూతురు, ఓసోనో. తండ్రి ఆమెను క్యోటో పంపి చదివించాడు. తిరిగొచ్చాక పెళ్లయింది. నాలుగేళ్లు హాయిగా కాపురం చేసింది, ఒక కొడుకు. తర్వాత జబ్బుచేసి పోయింది. అంత్యక్రియలు జరిగిన రాత్రే పిల్లవాడు మేడ దిగి వచ్చి అమ్మ పైన ఉందని చెప్పాడు. నవ్వింది గానీ మాట్లాడలేదట. ఇంట్లోవాళ్లు పైకెళ్లి చూస్తే నిజమే, తన బట్టల సొరుగుల పెట్టె ముందు నిలబడి ఉంది. తల, భుజాలు స్పష్టంగానే ఉన్నాయి. నడుం దగ్గరనుంచి నీళ్లలో నీడలాగా పలచబడిపోయి ఉంది.

ఇక్కడ అత్తగారు ఒక మాట అంటుంది. ఆడవాళ్లకి తమ వస్తువులంటే ప్రాణం కదా, వాటికోసమే వచ్చి ఉంటుంది, గుడికి ఇచ్చేస్తే శాంతిస్తుంది అని. నేను లేచి కూర్చున్నాను. పొద్దున కాలవగట్టు మీద విన్న మాట అది. తాంబాలో అత్తగారికీ మా ఊళ్లో చుట్టాలకీ ఒకే ఊహ: పోయిన ఆడమనిషి తిరిగి చూస్తోందంటే అది చీరకోసమే, నగకోసమే.

సొరుగులన్నీ ఖాళీ చేసి బట్టలు, నగలు గుడికి ఇచ్చేశారు. ఆమె మళ్లీ వచ్చింది. ప్రతి రాత్రీ వచ్చింది. అప్పుడు దాయిగెన్ అనే వృద్ధ సన్యాసిని పిలిచారు. ఆయన మంత్రం చదివి తరిమేస్తాడని ఎదురుచూశాను, ఎందుకంటే మనం చూసిన సినిమాల్లో అక్కడ జరిగేది అదే. ఆయన అందరినీ కిందే ఉండమన్నాడు, ఆ గదిలో ఒంటరిగా కూర్చున్నాడు. అర్ధరాత్రి దాటాక ఆమె వచ్చింది. ఆమె ఎటు చూస్తోందో గమనించాడు. సాయం చెయ్యడానికే వచ్చాను, ఆ పెట్టెలో నిన్ను బాధపెట్టేదేమైనా ఉందా, వెతకమంటావా అని అడిగాడు. ఆమె కొద్దిగా తలూపింది.

ఒక్కో సొరుగూ తీశాడు. ఖాళీ. వెనక చూశాడు, కింద చూశాడు. ఏమీ లేదు. ఆమె చూపు మాత్రం అక్కడే ఉంది. అప్పుడాయనకి సొరుగుల అడుగున పరిచిన కాగితం తట్టింది. మొదటి సొరుగు కాగితం లేపాడు, లేదు. రెండోది, మూడోది, లేదు. అట్టడుగు సొరుగులో, కాగితం కింద, ఒక ఉత్తరం. ఇదేనా అని అడిగాడు. కాల్చేయమంటావా అని అడిగాడు. ఆమె తల వంచింది. తెల్లవారగానే గుడిలో కాల్చేస్తాను, నేను తప్ప ఎవరూ చదవరు అని మాటిచ్చాడు. ఆమె చిన్నగా నవ్వి మాయమైంది. అది ఆమె క్యోటోలో చదువుకునే రోజుల్లో వచ్చిన ప్రేమలేఖ. అందులో ఏముందో ఆయన ఎవరికీ చెప్పలేదు. ఆయనతోపాటే పోయింది.

మూడు నాలుగు పేజీల కథ. భయపెట్టే వాక్యం ఇందులో ఒక్కటీ లేదు. అయినా చదవడం అయ్యాక గుండె బరువెక్కింది. నాకు దెయ్యం కథల మీద ఇష్టం ఎందుకో ఆ రాత్రి స్పష్టంగా తెలిసింది. ఎవరికీ పట్టని ఒక మనిషి చూపు ఎటు ఉందో ఓపిగ్గా చూసి "ఏం కావాలి" అని అడిగే చోటు అది. మామూలు కథలో ఓసోనో చనిపోవడంతో అయిపోతుంది. దెయ్యం కథలో ఆమె కథ అక్కడ మొదలవుతుంది.

ఒక్క ఫిర్యాదు ఉంది. "నేను తప్ప" అని ఎందుకు అన్నాడు? చదవకుండా కాల్చలేడా? ఎన్నిసార్లు చదివినా ఆ రెండు మాటల దగ్గర ఆగిపోతాను.

దీపం ఒత్తి తగ్గించి

హెర్న్ గ్రీసు ద్వీపంలో 1850లో పుట్టాడు. తల్లి గ్రీకు, తండ్రి ఐర్లండువాడు, బ్రిటిష్ సైన్యంలో వైద్యుడు. తల్లీతండ్రీ ఇద్దరూ చిన్నప్పుడే దూరమయ్యారు. బడిలో ఉన్నప్పుడు ఎడమకన్ను పోయింది. అమెరికాలో పత్రికల్లో పనిచేసి, 1890లో జపాను చేరి, మత్సుఎ ఊళ్లో ఇంగ్లీషు పాఠాలు చెప్పడం మొదలుపెట్టి, ఆ దేశంలోనే ఉండిపోయాడు. కొయిజుమి సెత్సు అనే ఆమెను పెళ్లి చేసుకున్నాడు. చితికిపోయిన సమురాయ్ కుటుంబం ఆమెది. జపాను పుస్తకాలు సొంతంగా చదువుకునేంత భాష అతనికి పట్టుబడలేదు. పాత పుస్తకాల దుకాణాలు తిరిగి కథలు వెతికి తెచ్చింది ఆమె, చదివింది ఆమె, రాత్రిళ్లు చెప్పింది ఆమె.

ఆ చెప్పడం ఎలా జరిగేదో సెత్సు తర్వాత తన జ్ఞాపకాల్లో రాసుకుంది. దీపం ఒత్తి తగ్గించి చెప్పేదట. పుస్తకం చూసి చదవనిచ్చేవాడు కాదు, నీ మాటల్లో చెప్పు, నీ ఆలోచనగా చెప్పు అనేవాడు. గుడ్డి పాటగాడు హోయిచి కథ రాస్తున్న రోజుల్లో చీకటి పడ్డా దీపం వెలిగించకుండా కూర్చునేవాడు. ఆమె పక్కగదిలోంచి నెమ్మదిగా ఆ పాటగాడి పేరు పెట్టి పిలిస్తే, "నేను గుడ్డివాణ్ణి, మీరెవరు?" అని బదులిచ్చి మళ్లీ ఊరుకునేవాడట.

ఇది చదివినప్పుడల్లా నాకు మా అమ్మమ్మ గుర్తొస్తుంది. కరెంటు పోయిన రాత్రులు వాకిట్లో నులకమంచం మీద కథ చెప్పేది. ఒకే కథ రెండోసారి చెప్పినప్పుడు కాస్త మారేది. అడిగితే "అప్పుడు అలా జరిగింది, ఇప్పుడు ఇలా జరిగింది" అనేది. దెయ్యం కథ గొంతులో పుట్టేది. అచ్చులో పడినా గొంతు వినపడితేనే అది బతుకుతుంది. ఈ సంపుటిలో వినపడుతుంది. ఒక్కో కథా రెండు గుక్కల్లో అయిపోతుంది, వివరణ ఉండదు. ఎందుకలా అయిందని రచయిత మనకి సంజాయిషీ ఇవ్వడు. అందుకే రాత్రికి ఒకటి మించి చదవలేను. చదివి దీపం ఆర్పి, అది లోపల దిగేదాకా పడుకోవాలి.

ముందుమాట మాత్రం నన్ను నొప్పించింది. ఏ పాత పుస్తకాల నుంచి కథలు తీసుకున్నాడో హెర్న్ పేర్లు చెప్పాడు. మంచు ఆడమనిషి కథను ముసాషి ప్రాంతంలో ఒక రైతు చెప్పాడని కూడా రాశాడు. సెత్సు ప్రస్తావన లేదు. పుస్తకం వచ్చిన 1904లోనే, సెప్టెంబరు 26న, అతను పోయాడు. ఆమె 1932 దాకా బతికింది. ఇన్నేళ్లకి ఆమె జీవితం ఆధారంగా 2025లో జపాను టీవీ సంస్థ ఎన్‌హెచ్‌కే ఉదయం సీరియల్ వేసింది. భార్యాభర్తల మధ్య ప్రేమ లేదని నేననడం లేదు. చీకటిగదిలో ఆ పిలుపు, ఆ బదులు ప్రేమ కాకపోతే మరేంటి? కానీ సొరుగు కాగితం కింద ఒక పేరు ఉండిపోయింది.

కారంపూడిలో విన్నది

సంపుటిలో మొదటి కథ హోయిచిదే. 1185లో దన్‌నోఉరా దగ్గర సముద్రం మీద జరిగిన యుద్ధంలో హెయికె వంశం మునిగిపోయింది. పసివాడైన చక్రవర్తిని ఎత్తుకుని ఆ పిల్లవాడి అమ్మమ్మ నీళ్లలోకి దూకింది. ఆ యుద్ధగాథను బీవా అనే తంత్రీవాద్యం మీటుతూ పాడే గుడ్డివాడు హోయిచి. ఒక రాత్రి ఎవరో వచ్చి తమ ప్రభువు వింటారని చెయ్యిపట్టుకుని తీసుకెళ్లారు. పెద్ద సభ. ఆ యుద్ధమే పాడమన్నారు. పసివాడితో ఆమె దూకే చోటికి వచ్చేసరికి సభంతా గొల్లున ఏడ్చింది. తర్వాత తెలిసేదేమంటే, అతను కూర్చుని పాడింది శ్మశానంలో, ఆ పసి చక్రవర్తి సమాధి ముందు.

తర్వాత గుడిలోవాళ్లు రక్షగా అతని ఒళ్లంతా ప్రజ్ఞాపారమితా హృదయ సూత్రం అనే బౌద్ధ పాఠం రాయడం, చెవులు మరిచిపోవడం, ఆ చెవుల్ని దెయ్యం పీక్కుపోవడం అందరూ చెప్పుకునే భాగం. ప్రజ్ఞాపారమిత అనగానే మన కృష్ణ ఒడ్డున తిరిగాడని చెప్పే బౌద్ధాచార్యుడు నాగార్జునుడు తలపుకొచ్చి, ఆ కథ మనకి అంత దూరం కాదనిపించింది. కానీ నన్ను పట్టుకున్నది ఆ భాగం కాదు. పోయినవాళ్లు వేరే ఏ కథా అడగలేదు. తమ చావే పాడమన్నారు.

కొన్నేళ్ల కిందట కార్తీక అమావాస్యకి పల్నాడులోని కారంపూడి వెళ్లాను. పల్నాటి యుద్ధం కూడా ఇంచుమించు ఆ కాలానిదే, 12వ శతాబ్దం చివరిది. నాగులేటి ఒడ్డున ఏటా అయిదు రోజులు వీరుల ఉత్సవం జరుగుతుంది: రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. వీరుల ఆయుధాలు, కొణతాలంటారు, ఊళ్లనుంచి మోసుకొస్తారు. వాటి ఎదుట వీరవిద్యావంతులు ఆ కథ పాడతారు. నేను జనంలో నిలబడి విన్నాను. నా పక్కనున్న ముసలాయన పాడేవాళ్ల వైపు చూడటం లేదు, కొణతాల వైపు చూస్తున్నాడు. ఎందుకని అడిగితే "వినేది వాళ్లు గదమ్మా, మనం ఊరికే ఉన్నాం" అన్నాడు.

హోయిచి కథ చదివినప్పుడు ఆ ముసలాయన మాట గుర్తొచ్చి ఒళ్లు జలదరించింది. అది భయం కాదు. ఎనిమిది వందల ఏళ్లకింద పోయినవాళ్లకి మన దగ్గర ఇంకా పని ఉందని, అది వినిపించే పని అని, సముద్రానికి అటు ఒకరూ ఇటు ఒకరూ అనుకోవడం. నేను దెయ్యాన్ని నమ్మను. ఆ బాకీని నమ్ముతాను.

మిత్రుడి కోపం

ఈ మాటలే ఒక మిత్రుడితో అన్నాను. బడులు తిరిగి, అరచేతిలో కర్పూరం వెలిగించి, నాలుకకి శూలం గుచ్చుకున్నట్టు చూపించి, ఇందులో మహిమ లేదని పిల్లలకి చెప్పే మనిషి. ముప్ఫై ఏళ్లుగా అదే పని. ఆయన నా మాట మధ్యలోనే ఆపేశారు.

"నీ కథ పుస్తకంలో అయిపోతుంది. ఊళ్లో అయిపోదు" అన్నారు. చేతబడి చేస్తుందన్న అనుమానంతో పళ్లు ఊడగొట్టిన ఒక ముసలమ్మ ఇంటికి ఆయన వెళ్లొచ్చారు. పళ్లు లేకపోతే మంత్రం పలకదట. "ఆమెను కొట్టినవాళ్లు నీలాగా చిన్నప్పుడు వాకిట్లో కథలు విన్నవాళ్లే" అన్నారు. 2013 ఆగస్టు 20న పుణేలో, మూఢనమ్మకాల మీద పోరాడిన నరేంద్ర దభోల్కర్‌ని కాల్చి చంపారు. చేతబడుల పేరిట జరిగే అఘాయిత్యాలకి వ్యతిరేకంగా ఆయన ఏళ్ల తరబడి అడిగిన చట్టం ఆ తర్వాతే మహారాష్ట్రలో వచ్చింది. ఆ రోజుల్లో మా మిత్రుడి మొహం నేను చూశాను. ఆయనతో తేలిగ్గా వాదించలేను.

అందులో నిజముంది. పగబట్టిన ఆడదెయ్యం, నిమ్మకాయలతో మాంత్రికుడు, చివర అరుస్తూ కాలిపోయే ఆకారం: ఇలాంటి కథ వెయ్యిసార్లు చూసిన కళ్లకి, పక్కింటి ఒంటరి ముసలమ్మ ఎలా కనపడుతుందో ఊహించగలను. అలాంటి కథల్ని నేను సమర్థించను. ఈ సంపుటిలో కూడా తలలు ఎగిరే రొకురొకుబి కథ ఉంది. దాన్ని సాహసగాథగా చదివి పక్కన పెట్టాను, అందులో ఆ తలలకి ఏం కావాలని ఎవరూ అడగరు.

కానీ నాకు ఇంకోటి గుర్తుంది. ఎనిమిదేళ్లప్పుడు మా వెనకవీధిలో ఒక కొత్తకోడలికి గాలి సోకిందన్నారు. భూతవైద్యుణ్ణి తీసుకొచ్చారు. వాకిట్లో ముగ్గు, మిరపకాయల పొగ, వేపమండలు. గోడపక్కన నిలబడి చూశాం పిల్లలమంతా. ఆయన కూడా అడిగాడు. "ఎవరే నువ్వు? ఏం కావాలి? ఏం పెడితే పోతావు?" అడిగినప్పుడల్లా మండతో ఒక దెబ్బ. చాలాసేపటికి ఆమె "మా అమ్మ దగ్గరికి పంపండి" అంది. మళ్లీ మళ్లీ అదే అంది. పెద్దవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎప్పుడో దిగుడుబావిలో పడి చనిపోయిన పిల్ల ఒకతె ఉందని, ఇది ఆ పిల్ల మాటేనని తేల్చారు. చీర పెట్టి, కోడిని కోసి, బావి దగ్గర దిగదుడిచి వచ్చారు.

ఆ మాట ఆమెదే అయ్యుండొచ్చని ఆ వాకిట్లో ఎవరికీ తట్టలేదు. ఆమెను పుట్టింటికి పంపలేదు. నెల తర్వాత మళ్లీ గాలి సోకిందన్నారు.

మా మిత్రుడికి ఇది చెప్పాను. "నేననేదీ అదే కదా" అన్నారు. కాదు, పూర్తిగా అదే కాదు. ఆ వాకిట్లో దెయ్యం మీద నమ్మకం నిండుగా ఉంది, కథ వినే ఓపిక లేదు. దాయిగెన్ సన్యాసి చేసిన పని ఆ రోజు ఒక్కరు చేసి ఉంటే చాలు: కర్ర పక్కన పెట్టి, అందరినీ బయటికి పంపి, ఆమె ఎటు చూస్తోందో చూడటం. దెయ్యం లేదని చెప్పే మా మిత్రుడు కూడా ఆమెను పట్టించుకునేది జబ్బు అన్న పేరుతోనే. అది దెబ్బలకంటే వెయ్యి రెట్లు మేలు, అందులో సందేహం లేదు. ఆసుపత్రికే తీసుకెళ్లాలి. అయినా "అమ్మ దగ్గరికి పంపండి" అన్న మాట ఏ చీటీలో రాస్తారో నాకు తెలియదు.

నా వాదనలో లోటు నాకు కనపడుతూనే ఉంది. ఆ తతంగమయ్యాక వారం రోజులు ఆ కోడలిచేత ఎవరూ పని చేయించలేదని, అదే ఆమెకి దొరికిన సెలవని అమ్మ అంటుంది. దెయ్యం పేరు లేకపోతే ఆ వారం కూడా దొరికేది కాదేమో. ఓసోనోకి కూడా చచ్చిపోయాకే ఒకరు అడిగారు. బతికుండగా అడిగేవాళ్లుంటే ఈ కథలే పుట్టవు కదా అనిపించి, ఇంత ఇష్టంగా చదివినందుకు ఒక్కోసారి మనసు చివుక్కుమంటుంది.

దోమలు

పుస్తకం చివరి వ్యాసాలు చాలామంది వదిలేస్తారు. దోమల వ్యాసం వదలకండి. హెర్న్ ఇంటి పెరటి వెనక బౌద్ధ శ్మశానం. సమాధుల ముందు నీళ్లు పోసే రాతి తొట్లలో దోమలు పుట్టి అతన్ని పీక్కుతింటాయి. కిరసనాయిలు పోస్తే పోతాయని శాస్త్రం చెబుతోంది. దోమకీ మలేరియాకీ ఉన్న సంబంధం 1897లో మన సికిందరాబాదులోనే రొనాల్డ్ రాస్ కనిపెట్టి అప్పటికి ఏడేళ్లే. హెర్న్ ఆ శాస్త్రాన్ని కాదనడు. కానీ దోమలు పోవాలంటే పోయినవాళ్లకి నీళ్లు పొయ్యడం మానాలి, ఆ పాత శ్మశానం పోవాలి, దానితో ఇంకెన్నో పోవాలి అంటాడు. చివరికి, నెత్తురు తాగే ప్రేతంగా పుట్టాల్సి వస్తే అక్కడే ఏదో వెదురుగొట్టంలో నీళ్లలో పుట్టి, సన్నగా పాడుకుంటూ వచ్చి తెలిసినవాళ్లని కుట్టాలని ఉందని రాశాడు. దోమతెర బయట ఝుంకారం వింటూ చదివాను ఆ వాక్యం.

ట్రంకుపెట్టె

కర్మ అయిన మూడో రోజున అమ్మమ్మ ట్రంకుపెట్టె తీశాం, పిన్నీ నేనూ. పెద్దమామయ్య ఇంటి పత్రాల కోసం చూడమన్నాడు. కలరా ఉండల వాసన. చీరలు ఒక్కోటీ తీసి మంచం మీద పేర్చింది పిన్ని. పట్టుచీరలు నాలుగే ఉన్నాయి, ఒకటి మడతల దగ్గర చిరిగింది. కింద తాతయ్య కళ్లజోడు, చీటీపాట పుస్తకం, మా అందరి చిన్నప్పటి ఫోటోలు. పత్రాలు దొరికాయి. పెట్టె ఖాళీ అయింది.

అడుగున పాత వార్తాపత్రిక పరిచి ఉంది, పసుపురంగు తిరిగి, అంచులు పొడి రాలుతూ. పిన్ని దానిమీద చెయ్యి వేసింది. "పేపరు మారుద్దామా?" అంది.

"ఉండనీ పిన్నీ" అన్నాను.

ఆమె నావైపు ఒక్క క్షణం చూసి, చీరలు మళ్లీ లోపల పెట్టడం మొదలుపెట్టింది.